గోనెసంచి కప్పిన ట్రాక్టరు

పిల్లలూ, ఈ మహానగరంలో కార్లు తీగ లేకుండా ఒకదానికొకటి సమాచారం పంపుకుంటాయని మీ బళ్లో చెప్పారట. మా బందరు వైపు సంగతి మాత్రం మీరెప్పుడూ వినలేదు. ఏ ఏడాదో కచ్చితంగా చెప్పలేను. మిగతాది విన్నది విన్నట్టే చెబుతాను.

బందరు నుంచి గుడివాడ వెళ్లే రోడ్డు మీద బండ్లు ఎదురుపడ్డా, వెనకా ముందూ నడిచినా, దారిలో చూసినవి చెప్పుకునేవి. ఎక్కడ గుంత పడిందో, ఎక్కడ గేదెలు అడ్డంగా పడుకున్నాయో నడిపేవాళ్లకు బండి పట్టుకున్న అరచేతుల్లో తెలిసిపోయేది. అది ఎవరికీ వింత కాదు.

ఈశ్వరరావు ట్రాక్టరు ఒక్కటే మాట్లాడేది కాదు. దాని ముక్కు మీద ఆయన ఎప్పుడూ గోనెసంచి కట్టి ఉంచేవాడు. అడిగితే "ఎండకి కాగిపోతోందండీ" అనేవాడు. అసలు సంగతేమిటంటే, ఒకసారి కునుకు పట్టి దాన్ని పంటకాలవలో దించాడు. అది నలుగురికీ తెలిస్తే తలవంపులని ఆయన భయం.

కోతల రోజులు. కవుతరం దాటాక ఈశ్వరరావు వాళ్ల ఊళ్లోకి తిరిగే రోడ్డు మలుపులో వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఈశ్వరరావు, ఆయన భార్య ధనమ్మ గబగబా వడ్లు బస్తాలకెత్తి ట్రాక్టరు మీద గుడివాడ మిల్లుకు తెచ్చారు. దించేసరికి సందె చీకటి, సన్నటి వాన.

"ఏమయ్యా, రాళ్లు తీశావా?" అంది ధనమ్మ.

"నువ్వు తీశావనుకున్నా."

కూతురు రమ్య పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో పనిచేస్తుంది. సరిగ్గా ఈ వేళకే స్కూటీ మీద ఆ మలుపులోంచి ఇంటికొస్తుంది. మూడుసార్లు ఫోను చేశారు, ఎత్తలేదు. బండెక్కితే ఫోను డిక్కీలో పెట్టమని రోజూ చెప్పేది ఈశ్వరరావే.

"ఆ సంచి తియ్యి."

"తీస్తే కాలవ సంగతి కూడా..."

"పిల్లకన్నా నీ పరువెక్కువా?"

ఈశ్వరరావు కొడవలితో తాడు కోసి, ట్రాక్టరును బందరు బస్సు పక్కకు తెచ్చి ఆపాడు. డ్రైవరు సత్తిబాబు స్టీరింగు పట్టుకుని పకపకా నవ్వాడు.

"కాలవలో దించావా బాబాయ్!"

అంతలోనే నవ్వు ఆగిపోయింది. "రాళ్లా?" అని బస్సు కదిలించాడు.

బస్సు కన్నా కబురే ముందు వెళ్లింది. బస్సు ముందున్న లారీకి, లారీ దాని ముందున్న ఆటోకి, అలా ఒకదాన్నించి ఒకటి అందుకుని, పెడన రైలు గేటు దగ్గర రమ్య స్కూటీ చెవిన పడింది.

కాలవ సంగతికి నవ్వుకుంటూ రాళ్ల మాట మరిచిన రమ్య మలుపు దగ్గర ఎంత ఎక్సలేటరు తిప్పినా స్కూటీ నెమ్మదించి ఆగిపోయింది. చక్రానికి జానెడు దూరంలో, వానకు నల్లగా తడిసిన రాళ్ల వరస. రమ్య దిగి ఒక్కొక్కటే రోడ్డు వారకు దొర్లించింది. పద్నాలుగు. తర్వాత ఫోను తీసింది.

"నాన్నా, రాళ్లు తీసేశాను. అవునూ, కాలవలో చేపలేమన్నా దొరికాయా?"

ఈశ్వరరావు చేతిలోంచి ధనమ్మ ఫోను లాక్కుంది. "ముందు తల తుడుచుకోవే!"

మర్నాటినుంచి ఆ గోనెసంచి వాళ్ల గుమ్మం ముందు, కాళ్లు తుడుచుకోడానికి పనికొచ్చింది.

పిల్లలూ, రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. రాళ్లు పద్నాలుగనే చెప్పండి, పెంచొద్దు. కాలవ సంగతి మాత్రం దాచొద్దు.