వదిన పేరు, మరిది లింకు

కుడిచేతికి పిండికట్టుతో కండక్టరుగారు ఫిజియోథెరపీ గదిలోకి వచ్చేసరికి, అక్కడ రోగులతో వ్యాయామాలు చేయించే ఆవిడ చేతిలో పని వదిలేసి ఎదురెళ్ళింది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన్ని నిలబెట్టి నడిపించింది ఆవిడే. కిందటిసారి వాకర్ పట్టుకుని గదంతా తిరిగి, "కిక్కిరిసిన బస్సులో నిలబడి టికెట్లు కొట్టినవాణ్ణి, ఇదొక లెక్కా" అని అందరినీ నవ్వించి వెళ్ళిన మనిషి.

వెనకే ఆయన భార్య ఒక వాకర్ మోసుకొచ్చింది. దాని ముందుకాలు లోపలికి మడిచిపోయి ఉంది.

"బాత్రూమ్ గడప దాటుతుంటే ఒంగిపోయిందమ్మా. నేను దానిమీదే పడ్డాను," అన్నారాయన.

ఆవిడ దాన్ని తిప్పి చూసింది. రేకులాంటి పల్చటి గొట్టం. బొటనవేలితో గట్టిగా నొక్కితే సొట్టపడేలా ఉంది.

"ఇదెక్కడ కొన్నారు? నేను చెప్పింది ఇది కాదే."

"మీ వెబ్‌సైట్లోనేనమ్మా. మీ ఫొటో ఉన్న పేజీలో 'ఇక్కడ కొనండి' అని ఉంటే నొక్కాను. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను. ఈ ఫోన్లు మా బుర్రకెక్కుతాయా."

ఆయన నాలుగు తిట్టినా బాగుండేది. తప్పంతా తన నెత్తినే వేసుకుని, నొచ్చుకుంటూ నవ్వుతున్నారు.

ఆయన్ని కూర్చోబెట్టి తన ఫోనులో ఆ పేజీ తెరిచింది. గట్టి వాకర్ గురించి తను రాసిన మాటలు అలాగే ఉన్నాయి, ఫొటో అలాగే ఉంది. కింద నొక్కితే మాత్రం ఎప్పుడూ పేరు వినని షాపూ, ఈ రేకు వాకరూ వచ్చాయి. నడుము బెల్టు లింకు నొక్కింది. మళ్ళీ ఆ షాపే. చేతికర్ర నొక్కింది. ఆ షాపే.

వెబ్‌సైటు కట్టింది మరిది. వస్తువులు వాడి చూసి రాయడం ఆవిడ పని, లింకులు చూసుకోవడం అతని పని. లింకు ద్వారా ఎవరైనా కొంటే షాపువాళ్ళు కమీషన్ ఇస్తారు. ఆ సంగతి పేజీలోనే రాసి పెట్టింది కాబట్టి ఆవిడకు అందులో సిగ్గుపడేదేమీ కనిపించలేదు. "షాపువాళ్ళిచ్చే లింకు బారెడు ఉంటుంది వదినా, చూసి జనం బెదిరిపోతారు. మన సైటు పేరుతోనే చిన్న లింకు చేసి, అసలుది దాని వెనక దాచేస్తాను. రేపు షాపు మారినా వెనక ఒక్కచోట మారిస్తే చాలు," అని అప్పట్లో మరిది చెబితే, తెలివైనవాడే అని మురిసిపోయింది కూడా.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి మరిది హాల్లో లాప్‌టాప్ ముందున్నాడు. భర్త ఉతికిన బట్టలు మడత పెడుతున్నాడు. ఆవిడ చెప్పులైనా విప్పలేదు.

"లింకులు ఎవరు మార్చారు?"

"నేనే వదినా. ఈ షాపువాడు కమీషన్ బాగా ఎక్కువిస్తానన్నాడు."

"నేను మెచ్చుకున్నది ఒకటి, నొక్కితే వచ్చేది ఇంకోటా?"

"రెండూ వాకర్లే కదా. నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు, కావాలంటే చూసుకో."

"అదే నా మంట. అక్షరం మార్చుంటే నా కంటికి కనపడేది. కండక్టరుగారి చెయ్యి విరిగింది, తెలుసా?"

మరిది ముఖం కాస్త పాలిపోయింది. "ఆయన సరిగ్గా పట్టుకోలేదేమో," అని గొణిగాడు.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. లాప్‌టాప్ మూత ఠపీమని మూసేసింది. అతను వేళ్ళు లాక్కున్నాడు.

"నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు భర్త. "వాడేం దొంగతనం చెయ్యలేదు. నాతో చెప్పే మార్చాడు."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

"మీకు తెలుసా?"

"అంటే... నీకు చెప్తే ఒప్పుకోవని..." అతను నీళ్ళు నమిలాడు.

"ఒప్పుకోనని తెలిసే చెప్పలేదన్నమాట."

వెంటనే పాత లింకులు పెట్టమంది. షాపుతో ఒప్పందం ఉంది, కొన్నాళ్ళు ఆగమన్నాడు మరిది. సైటు తన పేరు మీదే ఉందని కూడా గుర్తుచేశాడు. ఆవిడ ఇంకో మాట మాట్లాడకుండా తన కంప్యూటరు ముందు కూర్చుంది. లింకులు మార్చే వీలు లేకపోయినా పేజీలు రాసే వీలు ఆవిడకుంది. ప్రతి పేజీ నెత్తిమీదా రాసింది: "నేను మెచ్చుకున్న వస్తువు వేరు, కింద నొక్కితే వచ్చేది వేరు. నాకు తెలియకుండా మార్చారు. కొన్నవాళ్ళు వాడకండి, తిప్పి పంపండి."

"ఇంటి పరువు బజారున పెడుతున్నావు," అన్నాడు మరిది.

"ఫొటో నాది. పోయిన పరువూ నాదే."

తెల్లారేసరికి ఆ మాటలన్నీ మాయమయ్యాయి. ఆవిడ సైటులోకి వెళ్ళబోతే పాస్‌వర్డు మార్చేసి ఉంది. దాంతో అవే మాటలు, సైటు పేరుతో సహా, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి తన ఫిజియోథెరపీ గది తలుపుకి అంటించింది. వచ్చిన రోగులు దాన్ని ఫొటో తీసుకుని తెలిసినవాళ్ళకు పంపారు. అది ఊరంతా తిరిగింది. వాకర్లు కొన్నవాళ్ళు ఒక్కొక్కరే సైటు మీద విరుచుకుపడ్డారు. గొడవ ముదిరేసరికి ఆ షాపువాడే ఒప్పందం వద్దని చేతులు దులుపుకున్నాడు.

మరిది గదికొచ్చి పాస్‌వర్డు రాసిన కాగితం బల్లమీద పడేశాడు. "తీసుకో. ఇప్పుడైనా చల్లబడ్డావా?"

"లేదు," అంది ఆవిడ.

ఆ సాయంత్రమే మోచెయ్యి ఆనించుకుని నడిచే వాకర్ తీసుకుని కండక్టరుగారింటికి వెళ్ళింది. ఎవరు మార్చారో, ఇంట్లో ఎవరికి తెలుసో ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన నవ్వలేదు. కట్టున్న చెయ్యి భార్యకేసి చూపించి, "ఇన్నాళ్ళూ మా ఆవిడ చేత చీవాట్లు తిన్నానమ్మా," అన్నారు గట్టిగా. ఆయన గొంతులో కోపం వినబడ్డాక ఆవిడకు కాస్త ఊపిరాడింది.

ఇంట్లో మాటలు మళ్ళీ మొదలవడానికి చాలా కాలమే పట్టింది. ముందు మరిదితో మొదలయ్యాయి. అతను తప్పు చేశాడు, అడిగితే నేనే చేశానన్నాడు. అన్నీ తెలిసి, పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషితోనే ఆవిడకు మాట పెగల్లేదు.