బీరప్ప పొట్టేలు చెవిలో 417

నేను ఒక చెవి బిళ్ళను. పసుపు పచ్చ ప్లాస్టిక్కు, బొటనవేలంత వెడల్పు, మీద నల్లటి అంకె 417. అచ్చులోంచి వేడివేడిగా రాలినప్పుడు ముందూ వెనకా అన్నీ నాలాంటివే. మాకు తల్లీ తండ్రీ లేరు, చుట్టాలు లేరు. అయినా గొర్రెల చుట్టరికాలు తేల్చే పనికి మనుషులు మమ్మల్నే వాడుకున్నారు.

పట్నంలోని ఒక పరిశోధన సంస్థ నుంచి శరత్ అనే సారు జీపులో వచ్చి, కురుమ కొమురయ్య మందలో నలభై గొర్రెలకు నెత్తురు తీసి, చెవులకు బిళ్ళలు కొట్టాడు. నా వంతుకు నల్ల పొట్టేలు వచ్చింది. కొడుకు జబ్బున పడితే కొమురయ్య దాన్ని తమ కులదేవుడు బీరప్ప పేరున విడిచాడు. మామూలుగా కాపరులు రెండేళ్ళకోసారి పక్క ఊరి మందతో పొట్టేలును మార్చుకుంటారు. దేవుని పొట్టేలును మార్చకూడదు, అమ్మకూడదు, విత్తు కొట్టి మగతనం తీయకూడదు. అది ఆరేళ్ళుగా ఆ మందకు ఏకైక మొగుడు.

"దేవుని జీవానికి చెవు పొడుస్తున్నవు సారూ. మాకేమన్న ఎరుక చేస్తవా మరి?" అన్నాడు కొమురయ్య.

"తప్పకుండా చెప్తాం" అన్నాడు శరత్. నా మొదటి కోపం ఆ మాట మీద.

ఆ నెలలోనే, మొక్కుతో బతికిన ఆ కొడుకు పర్శరాంకు సుగుణతో పెళ్ళయింది. ఆమె వెంట పుట్టింటివాళ్ళు మూడు గొర్రెలను తోలారు. ఆ చలికాలం ఈతలో ఏడు పిల్లలు లేవలేదు. కాళ్ళు మెలికపడి, మెడ వెనక్కి వాలి, తల్లి నాకుతుంటేనే పోయేవి. అంతకు ముందు ఏడాది కూడా మూడు అట్లాగే పోయాయి. కాకపోతే అప్పుడు నింద వేయడానికి ఇంట్లో కొత్త మనిషి లేదు.

"నీ కాలు పెట్టినవు, నా మంద కూలవట్టింది" అంది అత్త బాలవ్వ. ఈనే కాలంలో కోడలు దొడ్డివైపు రాకూడదని కట్టడి చేసింది. పర్శరాం నోరెత్తలేదు. దేవుడు బతికించింది నోరు మూసుకోవడానికే కాబోలు.

మాఘంలో శరత్ మళ్ళీ వచ్చాడు. నన్ను రెండు వేళ్ళతో పట్టుకొని తన తోటివాడికి చూపించాడు.

"ఇదే ఆ పొట్టేలు. దోషం దీని నెత్తురులో దాగి ఉంది. సగం మంద దీని బిడ్డలే, వాటిలోకీ దిగింది. తండ్రే బిడ్డల మీదికి పోతుంటే రెండు వైపులా దోషం కలిసిన పిల్ల లేవదు. పొట్టేలును మారిస్తే చాలు."

"కొమురయ్యకు చెప్దామా?"

"వ్యాసం అచ్చయ్యేదాకా బయటికి పోవద్దు. వేరేవాళ్ళు ముందు రాసేస్తారు."

నేను చెవిలోనే ఉన్నాను. నాకు వినడమే తప్ప అరవడం రాదు. ఈ నల్ల గొర్రెల పూర్వీకులు వేల ఏళ్ళ కిందట ఏ దారిన ఈ గడ్డకు వచ్చాయో గీతలు గీసి చూపగలరు వీళ్ళు. నిన్న పుట్టిన పిల్ల ఎందుకు పోయిందో పక్కనున్న మనిషికి చెప్పడానికి మాత్రం నోరు రాదు.

తర్వాతి ఈతలో పదకొండు పోయాయి. సుగుణ మామ దగ్గరికి వచ్చింది.

"మామా, రెండు ఈతల్ల నేను తెచ్చిన గొర్రెల పిల్లలు ఒక్కటి పోలే. నా కాలే మంచిది గాకుంటే ముందుగాల నా వాటికే తగలాలె గదా."

బాలవ్వ అందుకుంది. "నీయి సల్లగనే ఉంటయి, మాయే మింగుతవు. ఒక్క ఈత సూస్త. గప్పుడు గూడ గిట్లనే అయితే నీ మూడు గొర్రెలను తోలుకొని మీ అవ్వగారింటికి నడువు."

గెలిపించాల్సిన సాక్ష్యమే ఆమె మీదికి తిరిగింది. మనుషుల తెలివి చూసి నాకు అసహ్యం పుట్టింది.

సుగుణ ఏడవలేదు. తన మూడు గొర్రెలకూ మిగతా మందకూ తేడా ఒక్కటే, తనవి ఆ పొట్టేలు బిడ్డలు కావు. గొర్రెలు ఎదకొచ్చి పొర్లే కాలం రాగానే గోనెపట్టా తెచ్చి దేవుని పొట్టేలు పొట్ట కింద బిగించి కట్టింది. అది కడితే పొట్టేలు గొర్రె మీదికి పోలేదు. తన అన్న మందలోంచి ఎర్ర పొట్టేలును తోలుకొచ్చి వదిలింది.

"దేవునికే గోసి కడ్తివా?" అన్నాడు కొమురయ్య.

"అమ్మలే, మార్చలే, విత్తు కొట్టలే. మొక్కు మొక్కు తీర్గనే ఉంది మామా."

కొమురయ్య వంగి ఆ ముడిని వేలితో లాగి చూశాడు. "ముడి వదులుగుంది, గట్టిగ కట్టు" అని వెళ్ళిపోయాడు.

అయిదు నెలలకు ముప్పై ఒక్క పిల్లలు పుట్టాయి. ముప్పై ఒకటీ లేచి పాలు తాగాయి. బాలవ్వ రోజూ దొడ్డి గడప మీద కూర్చుని చూసేది.

అప్పుడొచ్చాడు శరత్, నిగనిగలాడే కాగితాలు పట్టుకొని. దోషం సంగతంతా చదివి వినిపించాడు. బాలవ్వ గడప మీది నుంచి లేచి దగ్గరికి వచ్చింది.

"అయితే నా కోడలి కాలు మంచిదే అంటవా సారూ?"

శరత్ నవ్వాడు, ముసలమ్మ హాస్యమాడిందనుకొని. ఇంకెవరూ నవ్వలేదు.

"సారును అడుగుతవేంది అత్తా? పిల్లలు దుంకులాడేది నీ కండ్లకు కానొస్తలేదా?" అని, సుగుణ శరత్ వైపు తిరిగింది. "గిది నీకు ఎప్పుడు ఎరుకైంది సారూ?"

"రెండోసారి వచ్చినప్పుడు, మాఘంలో..."

"మరి ఆ వెనక సచ్చిన పదకొండు పిల్లలు ఏ కాగితంల ఉన్నయి?"

అతను కాగితాలు తిరగేశాడు. నిజంగానే వెతికాడు. సుగుణ ఉన్నికత్తెర తెచ్చి పొట్టేలు చెవిలో దిగిన నా మెడ తుంచి, నన్ను అతని అరచేతిలో పెట్టింది.

ఇప్పుడు నేను సంస్థలో ఒక సొరుగులో, అచ్చయిన ఆ వ్యాసం మీద పడి ఉన్నాను. అందులో నా అంకె తొమ్మిది చోట్ల ఉంది. సుగుణ పేరు లేదు. చివర మాత్రం సన్నటి అక్షరాల్లో "స్థానిక కాపరుల సహకారానికి" కృతజ్ఞతలు చెప్పారు. సహకారమట. ఆ మాట కనబడినప్పుడల్లా ప్లాస్టిక్కు ఒళ్ళు కూడా భగ్గుమంటుంది.