మూడో పుస్తె

నేను ఒక ఛాతీ ఎక్స్‌రే ఫిలింను. నన్ను చూశారు, చదవలేదు. అందువల్ల ఆదెమ్మ చనిపోయింది. ఇందులో వాదనకేమీ లేదు.

ఆమె మిరప యార్డులో తొడిమలు తీసే మనిషి. దగ్గు తగ్గకపోతే భర్త బాపయ్య దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఎక్స్‌రే తీసే సుభాని పుస్తెలు తీసి రమ్మన్నాడు. ఆమె పసుపుతాడు పట్టుకుని మొగుడి వైపు చూసింది.

"నేను బతికే ఉన్నా గదయ్యా. ఎందుకు తీసుద్ది?" అన్నాడు బాపయ్య.

సుభాని వాదించలేదు. బయట ఇంకా జనం ఉన్నారు. ఆమె పుస్తెలతోనే పలకకు రొమ్ము ఆనించి ఊపిరి బిగబట్టింది. నా పుట్టుక అంతే.

నన్ను చదవడం బ్రహ్మవిద్య కాదు. ముందు పేరు, తర్వాత కుడి ఎడమలు, ఆపైన రెండు ఊపిరితిత్తులనూ పోల్చి చూడాలి. గాలి ఉన్నచోట నల్లగా, ఎముక ఉన్నచోట తెల్లగా ఉంటాను. లోహమైతే మరీ తెలుపు, అంచు కత్తిరించినట్టుంటుంది. రోగపు మచ్చ బూడిద తెలుపు, అంచు చెదిరి ఉంటుంది. అక్కడి డాక్టరు వీటిలో పేరొక్కటే చదివాడు. నన్ను కిటికీ వెలుగుకెత్తి, గుండ్రటి మచ్చలు చూసి, ఇవి పుస్తెలేగా అన్నాడు. బాపయ్య అవునన్నాడు. చదువుకున్నవాడు ఏమడిగినా అవుననడం ఆయనకు అలవాటు. మిరప ఘాటుకు వచ్చిన దగ్గని తేల్చి, మూతికి గుడ్డ కట్టుకోమన్నారు. ఇంటికెళ్ళాక నన్ను గోడ మేకుకు తగిలించారు.

మళ్ళీ మిరప కోతలొచ్చేసరికి ఆ గుడ్డ మీద నెత్తురు పడింది. కారపు ఎరుపులో కొన్నాళ్ళు ఎవరూ పోల్చుకోలేదు. చివరికి నన్ను తీసుకుని గుంటూరు వెళ్ళారు. అక్కడి డాక్టరు నన్ను దీపపు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూశాడు.

"నీకు పుస్తెలెన్నమ్మా?"

"అందరికీ ఉన్నన్నే సారూ. రెండు."

ఆయన వేలు మూడో మచ్చ దగ్గర ఆగింది. అప్పుడే వచ్చుంటే అని మొదలుపెట్టి, దీపం ఆర్పి నన్ను బాపయ్య చేతికిచ్చేశాడు.

తిరుగు బస్సులో ఆదెమ్మ మొగుణ్ణి అడిగింది. "మీ వైపుదొకటి, మా వైపుదొకటి. మూడోది ఎవురు కట్టారయ్యా?"



ఆదెమ్మను కాటికి తీసుకెళ్ళే ముందు పుస్తెలు తీయాలన్నారు. ఈసారి ఆయన అడ్డు చెప్పలేదు. అప్పటికీ ఆయన బతికే ఉన్నాడు.

ఇంటికొచ్చాక నన్ను నేల మీద పరిచి, ఆ రెండు పుస్తెలూ నా మీద పెట్టాడు. రెండు మచ్చలు సరిగ్గా మూసుకున్నాయి. మూడోది మిగిలింది.

చాలు. దీని గురించి ఎవరడిగినా ఇక నోరు విప్పను.