తలుపు తీసినా ఆగని ఓవెన్

మా తమ్ముణ్ణి బజారంతా 'అయిపోయింది' అని పిలుస్తారు. రిపేరుకిచ్చిన వస్తువు గురించి ఎవరు ఎప్పుడు అడిగినా వాడి నోట వచ్చే మాట అదొక్కటే. స్క్రూలన్నీ బల్ల మీద పరిచి ఉన్నా సరే, అయిపోయిందండీ అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లలకి బడికి టైమైపోతుంటే అంటాడు, అన్నం ముందు కూర్చుని అంటాడు, మా మరదలు నెలలు నిండి నొప్పులు పడుతుంటే ఆసుపత్రి వరండాలో కూడా అన్నాడు.

మాది మిక్సీలూ ఓవెన్లూ బాగుచేసే చిన్న దుకాణం. నాన్న పెట్టాడు. ఆయన పోయాక నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. అమ్మ పొద్దున్నే వచ్చి ఊడ్చి, తుడిచి, మా ఇద్దరికీ చెరో నాలుగు అంటించి ఇంటికి పోతుంది. సాయంత్రం దీపాల వేళకి మళ్ళీ వచ్చి ఇంకోసారి సర్దుతుంది.

మైక్రోవేవ్ ఓవెన్ తలుపుకి లోపలివైపు కొక్కేలుంటాయి. తలుపు మూసినప్పుడు అవి లోపలికి వెళ్ళి చిన్న చిన్న స్విచ్చుల్ని నొక్కుతాయి. అవన్నీ నొక్కుకుంటేనే ఓవెన్ వేడి పుట్టిస్తుంది, తలుపు లాగితే ఆ క్షణమే ఆగుతుంది. కొక్కెం విరిగిన ఓవెన్ వస్తే, మిగతాదంతా బాగుందో లేదో చూడటానికి ఆ స్విచ్చుల మీదుగా వైరు ముక్కలు తగిలిస్తాం. ఇక అది తలుపుతో పనిలేకుండా నడుస్తుంది. చూడటం కాగానే వైర్లు పీకెయ్యాలి. మరిచిపోతే, తిండిని ఉడికించే వేడి ఎదురుగా నిలబడ్డ మనిషినీ ఉడికిస్తుంది.

అందుకే నాన్న ఒక పద్ధతి పెట్టాడు. వైరు తగిలించినవాళ్ళు తమ కుడికాలి చెప్పు విప్పి ఆ ఓవెన్ నెత్తిన పెట్టాలి. వైరు తీశాకే చెప్పు తొడుక్కోవాలి. ఒంటి చెప్పుతో ఎవరూ ఇంటికి పోరు కదా అన్నది ఆయన ధీమా. చూసినవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, నాన్న ఉన్నన్నాళ్ళూ మా గడప దాటిన ఓవెన్‌లో వైరు మిగిలిపోలేదు.

ఆ రోజు పొద్దున ఇంకో ఓవెన్ కోసం వైర్లు కావాల్సి వచ్చి గోడ దగ్గరికి వెళ్ళాను. అవి వేలాడే మేకు ఖాళీగా ఉంది. బల్ల కింద చూశాను, డబ్బాలు బోర్లించాను, చెత్తబుట్ట కెలికాను. ముందురోజు వైర్లు పడింది ఒక్కదానికే, పక్క వీధి టైలరమ్మ ఓవెన్‌కి. సాయంత్రం నేను లేనప్పుడు తమ్ముడు దానికి కొత్త కొక్కెం వేసి ఇచ్చేశాడు. అంటే అవి దాన్లోనే ఉండిపోయాయా?

వాణ్ణి అడిగితే తల కూడా ఎత్తలేదు. తీసే ఉంటానన్నాడు. ఉంటానేంట్రా, తీశావా లేదా అని గట్టిగా అడిగాను.

"చెప్పు కాలికే ఉందిగా అక్కా. తియ్యకపోతే కాలికెలా వస్తుంది?"

మూల దుమ్ము దులుపుతున్న అమ్మ అక్కడే ఆగింది. చెప్పు తానే తీశానంది. నాలుగు మెతుకులు వండుకునేదాని మీద చెప్పేంటి, చూడలేక తీసి బల్ల కింద పెట్టానంది. తమ్ముడు టీ తాగొచ్చి, బల్ల కింద చెప్పు కనబడగానే కాలు దూర్చి, పని అయిపోయిందనుకున్నాడు. నాన్న బతికుండగా అమ్మ ఏనాడూ దాని జోలికి పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, ఆయనంటే భయమంది. మేమంటే భయం లేదన్నమాట.

అమ్మ మీద అరిచాను. అరిచి లాభం లేదని తెలిసీ అరిచాను. కానీ నా అసలు కోపం వాడి మీదే. చెప్పు సంగతి అలా ఉంచుదాం, ఇచ్చే ముందు చివరగా చేసే పని ఒకటుంది. లోపల నీళ్ళ గిన్నె పెట్టి, ఓవెన్ నడిపి, పక్కకి తప్పుకుని తలుపు లాగి, ఆగిందో లేదో చూడాలి. అది కూడా చెయ్యలేదట. టైలరమ్మ వచ్చి నిలబడిందట, అప్పటికే అయిపోయిందని చెప్పేశాడట.

ఆ కొక్కెం ఎలా విరిగిందో ఓవెన్ తెచ్చిన రోజే టైలరమ్మ చెప్పింది. వాళ్ళత్తగారు మీట నొక్కి ఆపదు. నడుస్తుండగానే తలుపు పట్టుకుని ఒక్క గుంజు గుంజుతుంది. ఎంత చెప్పినా వినదు, గుంజీ గుంజీ విరగ్గొట్టిందని నవ్వుతూ చెప్పింది. అది విన్నప్పుడు తమ్ముడూ నా పక్కనే నిలబడి నవ్వాడు.

ఫోన్ చేస్తే టైలరమ్మ ఎత్తలేదు. కుట్టుమిషను చప్పుడులో ఆవిడకి ఏదీ వినబడదు. షట్టరు సగం దించి పరుగెత్తాం. దారిలో వాడికి ఒక ఉపాయం తట్టింది. నిజం చెబితే దుకాణం పేరు పోతుందట. చిన్న పార్టు మార్చాలని చెప్పి ఓవెన్ తెచ్చేసి, వైర్లు తీసేసి సాయంత్రానికి ఇచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదట. అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు వాళ్ళు బాగుండాలని కోరుకో, పేరు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. వాడు ముఖం మాడ్చుకుని నడిచాడు.

టైలరమ్మ ఇల్లు మేడ మీద. వీధివైపు గదిలో ఆవిడ మెడలో టేపు వేసుకుని మిషను తొక్కుతోంది. మేం ఏమీ చెప్పకుండానే వంటింట్లోకి దూసుకుపోయాం.

మేం మామ్మగారని పిలిచే ఆ అత్తగారు కుర్చీ ఓవెన్ ముందుకి లాక్కుని కూర్చుని ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దీపం వెలుగుతోంది, పళ్ళెం తిరుగుతోంది, పళ్ళెం మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపి, చలిమంట దగ్గర కూర్చున్నట్టు కాచుకుంటోంది.

తమ్ముడు ఒక్క అంగలో వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. అంతవరకూ బాగానే చేశాడు.

మామ్మగారు వాణ్ణి చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. వాడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రా బాబూ, రా. ఎంత బాగా చేశావయ్యా. ఇదివరకు తలుపు తీస్తే చాలు, చచ్చినట్టు ఆగిపోయేది. ఇప్పుడు వేడి ఇవతలికి కూడా వస్తోంది. ఈ వేళ్ళకి వేడి తెలిసి ఎన్నాళ్ళయిందో."

ఆవిడకి షుగరు. వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నిన్న సాయంత్రం పాలు వేడి చేస్తూ తలుపు గుంజితే చేతికి వెచ్చగా తగిలిందట. అప్పటినుంచీ వీలైనప్పుడల్లా వచ్చి కూర్చుంటోందట. కోడలికి కరెంటు ఖర్చని కోపం వస్తుందేమోనని చెప్పలేదట. చేతులు చూశాను. ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. ఉంగరం కండలోకి కూరుకుపోయింది. నొప్పి లేదా అని అడిగితే, లేదమ్మా, హాయిగా ఉంది అంది. నొప్పి తెలియని చేతులవి. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద మళ్ళీ కోపమొచ్చింది.

ఆ చేతులు వాడి చేతిని పట్టుకునే ఉన్నాయి. వాడూ చూస్తున్నాడు. చూస్తూ చూస్తూనే అన్నాడు.

"ఏం లేదు మామ్మగారూ, లోపల చిన్న పార్టు మార్చాలి. సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాను."

"పార్టు కాదు మామ్మగారూ," అన్నాను. "తియ్యాల్సిన వైర్లు వీడు తియ్యకుండా ఇచ్చాడు. అందుకే తలుపు తీసినా ఆగట్లేదు. మీకు తగిలింది వెచ్చదనం కాదు, చేతులు కాలుతున్నాయి. పైకి కనబడేదానికన్నా లోపల ఎక్కువ కాలి ఉంటాయి. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి, కళ్ళు కూడా చూపించాలి."

అప్పటికి టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది. అత్తగారి చేతులు చూసి, మెడలో టేపు తీసి గట్టిగా పిడికిట్లో చుట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. గబగబా అలమారలోంచి మందుల సంచీ, ఆసుపత్రి కాగితాలూ తీసింది.

మామ్మగారు నా వైపు చూడలేదు. తన చేతులూ చూసుకోలేదు. తమ్ముడి మొహంలోకే చూస్తోంది.

"ఇక్కడికి వచ్చేటప్పుడు నీకిది తెలుసా బాబూ?"

వాడు నా వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ ఇరుక్కున్నప్పుడల్లా అలాగే చూస్తాడు, ఏదో ఒకటి చెప్పి బయటపడెయ్యమని. నేను చెప్పలేదు.

"తెలుసు," అన్నాడు.

"నా చేతులు చూశాక కూడా పార్టన్నావా?"

ఆవిడ వాడి చేతిని వదిలేసింది.

టైలరమ్మ ఆటో కోసం కిందికి పరుగెత్తింది. నేను మందుల సంచీ పట్టుకుని మామ్మగారి వెనకాల నడిచాను. మేడ మెట్లు నిటారుగా ఉంటాయి, మామ్మగారికి చూపు కూడా అంతంతమాత్రమే. ఎప్పుడు దిగినా ఎవరో ఒకరు మోచెయ్యి పట్టుకోవాలి. తమ్ముడు ముందుకొచ్చి చెయ్యి చాపాడు. పట్టుకోండి మామ్మగారూ, పడిపోతారు అన్నాడు. ఆ ఒక్క మాటా నిజంగానే అన్నాడు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. వాచిపోయిన తన చేతులతోనే ఇనప కమ్మీ పట్టుకుని, కాలితో మెట్టు తడుముకుంటూ ఒక్కొక్కటీ దిగింది.