బదులు మనిషి

సత్తెమ్మకు పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆమెను మంచం మీద నుంచి లేపిందీ, పడుకోబెట్టిందీ కోడలు గీత ఒక్కతే. సత్తెమ్మది భారీ శరీరం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచెయ్యవు, మాట ముద్దగా వస్తుంది. వేరే ఎవరైనా పట్టుకుంటే పడేస్తారేమోనని భయంతో బిగుసుకుపోతుంది. గీత చంకల కింద చేతులు వేసి, తన మోకాళ్లతో అత్త మోకాళ్లను ఆనించి లేపితే మాత్రం పసిపిల్లలా ఒరిగిపోతుంది.

వాళ్లది తరిగొప్పుల దగ్గర ఒక ఊరు. భూమి, మాట రెండూ ఉన్న ఇల్లు. గీత భర్త గోవర్ధన్‌కు ఎరువుల దుకాణం ఉంది. ఈసారి సర్పంచుగా నిలబడాలని తిరుగుతున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా తల్లి గదిలోకి తీసుకెళ్లి చూపించేవాడు. మంచం మీద ఉతికిన దుప్పటి, తల దువ్వించుకుని, పౌడర్ రాయించుకున్న తల్లి. "నా భార్య దేవత అన్నా," అనేవాడు. టీ ఇచ్చి లోపలికి వెళ్లిన గీత వంటగదిలో గోడకు వీపు ఆనించి, నడుము నొప్పి తగ్గేదాకా కళ్లు మూసుకుని నిలబడేది.

ఒకసారి సత్తెమ్మను జనగామలో డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లారు. ఆయన ముసలామెను చూస్తూ చూస్తూ, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డ గీత వైపు తిరిగాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సార్. జర తల తిరిగింది. పొద్దుగాల తినలే."

డాక్టరు ఆమెను కూర్చోబెట్టి బీపీ చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. గోవర్ధన్‌ను దగ్గరకు పిలిచాడు.

"మీ అమ్మ బాగనే ఉన్నది. ఈమెకే బాగలేదు. బీపీ మస్తు ఎక్కువున్నది. గోళీలు రోజూ ఏసుకోవాలె, నిద్ర పోవాలె, బరువులు ఎత్తొద్దు. అమ్మను చూసుకోనీకి ఇంకో మనిషిని పెట్టుకోండి."

"అట్లనే సార్," అన్నాడు గోవర్ధన్. కారెక్కిన తర్వాత నవ్వాడు. "డాక్టర్లు గిట్లనే భయపెడ్తరు. నువ్వు గట్టిదానివి."

పెళ్లయిన కొత్తలో ఆ మాటకు గీత పొంగిపోయేది. ఇప్పుడు కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

డాక్టరు రాసిన గోళీలు ఒక నెలకు వచ్చాయి. తర్వాత గోవర్ధన్ జనగామ వెళ్లినప్పుడు తల్లి మందులన్నీ మర్చిపోకుండా తెచ్చాడు.

"మరి నాయి?" అని అడిగింది గీత.

"అరే, యాదికి రాలే. మల్లొచ్చినప్పుడు తెస్త."

మళ్లీ వెళ్లినప్పుడూ యాదికి రాలేదు. తానే బస్సెక్కి పోదామంటే పొద్దంతా పోతుంది. అంతసేపు సత్తెమ్మను ఎవరు పక్కకు తిప్పుతారు, ఎవరు శుభ్రం చేస్తారు? తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. అలా ఆ గోళీలు ఆగిపోయాయి. తలనొప్పి వస్తే గీత కొంగును తలకు గట్టిగా బిగించి కట్టుకునేది.

దసరా సెలవులకు ఆడబిడ్డ సుష్మిత ఘనపూర్ నుంచి వచ్చింది. తల్లి బుగ్గకు బుగ్గ ఆనించి ఫొటో దిగింది. అన్నాలు తింటున్నప్పుడు గీత ధైర్యం చేసింది.

"సుష్మితా, కొన్ని దినాలు అత్తమ్మను నీ దగ్గర ఉంచుకోరాదు? నేను దవాఖానకు పోయి మంచిగ చూపించుకుంట."

"మాది పై అంతస్తు వదినా. అమ్మ ఎట్ల ఎక్కుతది? అయినా నీ లెక్క చేసుడు నాకేడ చాతనైతది?"

"పోనీ జీతమిచ్చి ఎవలనన్న పెట్టుకుందం. లేపుడు, స్నానం చేపిచ్చుడు వాళ్లు చూస్తే నాకు జర ఆసరా ఉంటది."

గోవర్ధన్ కలుపుతున్న ముద్ద ఆపాడు. "ఎలక్షన్ల ముంగట గా ముచ్చట తియ్యకు. కన్నతల్లిని పనిమనిషి మీద పారేసిండని ఊరంత అంటది. నాకు ఓట్లెవడు ఏస్తడు?"

సుష్మిత తల దించుకుని పెరుగు వేసుకుంది. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

చలికాలం మొదలైన ఒక పొద్దున, గోవర్ధన్ ప్రచారానికి వెళ్లిపోయాక, గీత అత్తను కుర్చీలోకి మార్చడానికి లేపింది. అత్త సగం లేచాక గీత కుడి చెయ్యి జారిపోయింది. ఆ చెయ్యి తనది కానట్టే వేలాడింది. సత్తెమ్మ బరువంతా మీద పడింది. గీత మిగిలిన బలమంతా పెట్టి ఆమెను మంచం మీదికే తోసింది. అత్త పరుపు మీద పడింది. గీత నేల మీద పడింది.

"ఓ పిల్లా," అంది సత్తెమ్మ. "ఓ గీతా, లెవ్వే!"

గీత కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవి ఒక పక్కకు జారింది. గొంతులోంచి మాట రాలేదు. సత్తెమ్మ అరిచింది గానీ ఆ ముద్ద మాట వాకిలి దాటలేదు. బతికి ఉన్న ఒక్క చేత్తో మంచం పక్కనున్న చెంబు అందుకుని మంచం ఇనుప ఊచ మీద కొట్టసాగింది. నీళ్లన్నీ ఒలికి ఆమె బట్టలు తడిసిపోయాయి. పక్కింటి చిలుకమ్మ పొలం నుంచి తిరిగొచ్చి ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చేసరికి పొద్దు బాగా పైకెక్కింది.

హనుమకొండ ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న బీపీ గోళీల గురించే.

"తెచ్చిస్తనే ఉన్న సార్," అన్నాడు గోవర్ధన్. "ఈమెనే సక్కగ ఏసుకోదు. మొండిది."

గీత ఆ మాట వింది. కాదని చెప్పడానికి నాలుక తిరగలేదు. కంటి కొన నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. అవి నొప్పి వల్ల అనుకుని నర్సు సూది మందు ఇచ్చింది.

గీతను ఇంటికి తీసుకొచ్చేసరికి సత్తెమ్మ గది మారిపోయింది. చేత్తో తిప్పితే తల వైపు లేచే కొత్త మంచం వచ్చింది. చక్రాల కుర్చీ వచ్చింది. జనగామ నుంచి ఇద్దరు ఆడవాళ్లు జీతానికి వచ్చి ఇంట్లోనే ఉంటున్నారు. ఏ పనికైనా ఇద్దరూ కలిసే సత్తెమ్మను లేపుతున్నారు. హాల్లో మామూలు మంచం మీద పడుకుని గీత తెరిచిన తలుపులోంచి అదంతా చూసింది. ఇన్నాళ్లూ కుదరనిదంతా ఆమె ఆసుపత్రిలో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే కుదిరిపోయింది.

చూడవచ్చిన వాళ్లతో గోవర్ధన్ అంటున్నాడు: "ఏం చేస్తమన్నా. మా గీత ఉన్నప్పుడు ఇవేవీ అవసరం పడలే."

ఆమె అక్కడే, వాళ్లకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

ఇద్దరు మంచం పట్టినోళ్లు ఒక ఇంట్లో ఉంటే కష్టమని సుష్మిత ఫోన్‌లో చెప్పింది. నర్సింహులపేటలో ఉన్న గీత తమ్ముడు హరీశ్‌ను పిలిపించారు. గీతను కారులో ఎక్కిస్తుంటే లోపలి గదిలోంచి సత్తెమ్మ గొంతు వినిపించింది.

"దాన్ని ఏడికి తోలుతున్నవ్ రా? దాని మంచం నా పక్కన ఎయ్యి. గీ ఇద్దరే మా ఇద్దర్నీ చూస్తరు."

"నీకేం తెల్వదు, నువ్వు పండుకోవే," అన్నాడు గోవర్ధన్. కారు తలుపు తానే వేశాడు. మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు.

హరీశ్‌కు మిరప తోట ఉంది, ట్రాక్టర్ ఉంది. భార్య రజిత బట్టలు కుడుతుంది. వదిన వచ్చిన మర్నాటి నుంచి కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేసింది. స్నానం చేయించేది, తినిపించేది, కుర్చీలోకి మార్చేది. ఎత్తిన ప్రతిసారీ పళ్ల మధ్య పెదవి నొక్కిపట్టేది. ఒకరోజు గీత నోటికి ముద్ద అందిస్తూనే నిద్రలోకి తూలింది.

"మా రజితకు ఓపిక ఎక్కువ అక్కా. నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నాడు హరీశ్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

ఎన్నికల ఫలితం రోజు అతను ఫోన్ పట్టుకుని సంబరంగా వచ్చాడు. "బావ గెలిచిండే! ఇంట్ల గింత కష్టముండంగ తిరిగిండని, పాపమని అందరు ఏసిన్రట."

గీత మొహంలో పనిచేసే సగం కూడా కదల్లేదు.

మర్నాడు పొద్దున రజిత వచ్చి చంకల కింద చేతులు వేయగానే గీత ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుంది. రజిత లాగితే ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది వదినా? కూసోవా?"

గీత చాలాసేపు నోరు కూడదీసుకుంది. "వాడు," అంది. "వాణ్ణి... పిలువు."

ట్రాక్టర్ దగ్గరున్న హరీశ్ విసుక్కుంటూ వచ్చాడు. అక్కను లేపబోతే ఆమె బరువుకు కాళ్లు తడబడ్డాయి. కుర్చీలో దించేసరికి రొప్పుతూ నడుము పట్టుకున్నాడు. గీత అతని కళ్లలోకి చూసింది. రజితను చూపించింది.

"రోజూ... నువ్వు. దాన్ని... దవాఖానకు... తోల్కపో."

ఆ మధ్యాహ్నం హరీశ్ వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. "బావా, అక్కకు మతి గూడ ఖరాబైనట్టుంది. ఊకెనే జిద్దు చేస్తంది. రజిత ముట్టుకోనీకి వస్తే పట్టె ఇడ్వదు. ఇక్కడ మాకు ఎన్ని దినాలని అయితది చెప్పు..."

గీత అంతా వింది. వంటింట్లో రజిత కూర్చుని, వేడివేడిగా అన్నం తింటోంది. ఆమె తినడం పూర్తయ్యేదాకా గీత మూత్రం వస్తున్నా పిలవలేదు.