వెనకగది డబ్బా

తీగలాయన ఇళ్లకి కరెంటు పని చేస్తాడు. ముప్పై ఏళ్లలో అతను గోడల్లోంచి లాగిన తీగంతా ఒక్కచోట ముడేస్తే, చందమామకి రెండు చుట్లు చుట్టి, మిగిలిన ముక్క మీద నాలుగిళ్లవాళ్లు బట్టలారేసుకోవచ్చు. తీగని వాసన చూసి అది ఏ గదికి పోతుందో చెప్పేస్తాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటివాడికి మరదలు ఓ పని అప్పజెప్పింది. ఆవిడ డాన్సు టీచరు. పిల్లలేమో ఇరవైనాలుగు మంది, ఇల్లేమో రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ముందుగది, మధ్యగది, వెనకగది. గదికి ఎనిమిదిమందిని సర్దింది. తను ముందుగదిలో ఈ చివర నిలబడి అడుగేస్తే, గుమ్మాల్లోంచి వెనకగది దాకా కనబడుతుంది. పాట మాత్రం మూడు గదుల్లోనూ ఒకేసారి మోగాలి.

"తీగలు లాగొద్దు బావా, పిల్లల కాళ్లకి తగులుకుంటాయి. తీగల్లేని స్పీకర్లు ఓ జత కొన్నాను. మూడోది నువ్వు చూడు."

"తీగ లేకుండా పాట ఎలా వస్తుంది మరదలా, రెక్కలు కట్టుకునా?"

వెక్కిరించాడే గానీ పని ఒప్పుకున్నాడు. మూడోది కొనడం కూడానా, నేను లేనా అని, తన కొట్లో దుమ్ము కొట్టుకుపోయిన పాత స్పీకరు డబ్బాని విప్పి, లోపల చిన్న ముక్క ఒకటి అతికించి, అది కూడా టీచరు ఫోన్లోంచి పాట అందుకునేలా చేశాడు. ఆ డబ్బా గొంతు విప్పిందంటే పక్క వీధిలో కుక్కలు బారులు తీరి కూర్చునేవి. దాన్ని వెనకగది అల్మారా మీద ఎక్కించి, "నా పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు.

వారం తిరక్కుండానే వంక పుట్టింది. ముందుగదీ మధ్యగదీ ఒక్క కాలితో అడుగేస్తున్నట్టున్నాయి. వెనకగది మాత్రం కందిరీగల తుట్టె కదిలినట్టు, ఒకళ్లు ముందు, ఒకళ్లు వెనక. ఆ ఎనిమిదిమందిలో తీగలాయన కూతురు కూడా ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ గిర్రున తిరుగుతూనే ఉంటుందని దాన్ని అందరూ బొంగరం అంటారు.

"నీ డబ్బాలో ఏదో ఉంది బావా" అంది టీచరు.

"నా డబ్బాలో ఏం లేదు. దూరంలో ఉంది తేడా" అని టేపు తీశాడు. తీగ పొడుగు సరిచూసుకోవడం అలవాటైన చెయ్యి కదా. ఫోన్నించి ముందుగది స్పీకరుకీ వెనకగది డబ్బాకీ కొలిచి, సరిగ్గా ఒకే దూరం వచ్చేలా ఫోన్ని మధ్యగదిలో ఓ స్టూలు మీద పెట్టించాడు. పాట మారినప్పుడల్లా టీచరు ఆ స్టూలు దాకా పరిగెత్తేది, రెండుసార్లు తట్టుకుని పడింది. వెనకగది మాత్రం మారలేదు. అప్పుడతను నడుం మీద చేతులేసుకుని తేల్చేశాడు. "నా పని బాగానే ఉంది. ఆ పిల్లలకే తాళం పట్టలేదు."

టీచరు ఆ మాట నమ్మింది. బావ మాట కదా. ఆదివారం బడిలో ప్రదర్శన. శుక్రవారం సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పింది. "వెనకగదివాళ్లు ఈసారి వద్దమ్మా. చూద్దురుగాని, తర్వాతసారి చేద్దురు."

ఏడుగురు తలలు దించుకున్నారు. బొంగరం దించలేదు. ఏడుగుర్నీ వెంటబెట్టుకుని వెనకగదిలోకి పోయి తలుపు ధడేల్మని వేసింది. ఇవతల టీచరు నిట్టూర్చి, మిగతావాళ్లకి పాట పెట్టింది.

తీగలాయన పెరటివైపు నుంచి వెళ్లాడు, కూతుర్ని నాలుగు చివాట్లు పెడదామని. గుమ్మంలోనే ఆగిపోయాడు. అల్మారా మీది డబ్బా పాటకి ఎనిమిదిమందీ ఏడుస్తూనే ఆడుతున్నారు. ముక్కులు కారుతున్నాయి, కాళ్లు మాత్రం ఒక్క కాల్లా పడుతున్నాయి.

అతను మెల్లగా లోపలి తలుపు జానెడు తెరిచాడు. ముందుగది పాట లోపలికొచ్చింది. రెండు పాటలు! ముందుగది పాట అడుగేశాక, అరక్షణం ఆగి, తన డబ్బా అదే అడుగు మళ్లీ వేస్తోంది. పాటని అందుకుని, నమిలి, మింగి, అప్పుడు పలుకుతోంది ముసల్ది. కళ్లకేమో టీచరు అడుగు, చెవికేమో డబ్బా అడుగు. పాపం పిల్లలు దేన్ని పట్టుకుంటారు? పిల్లల కాళ్లు అప్పుడే తడబడ్డాయి. తలుపు మూశాడు, కుదురుకున్నాయి.

డబ్బాని గుట్టుగా మార్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదంటే అబద్ధం. కానీ అప్పుడు 'తాళం పట్టని పిల్లలు' అన్న మాట అలాగే ఉండిపోతుంది.

తలుపు బార్లా తీశాడు. "మరదలా, ఆ పాట ఆపకు. ఇలా వచ్చి ఈ తలుపు వేసుకుని చూడు."

ఆవిడ వచ్చింది, తలుపు వేసుకుంది, చూసింది. తలుపు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు.

"విన్నావా? తాళం పట్టనిది నాకు. టేపు పట్టుకుని ఊరేగాను గానీ చెవి పెట్టి వినలేదు. తప్పు నాదే."

"గట్టిగా చెప్పు నాన్నా, ముందుగదివాళ్లకి వినబడలేదు" అంది బొంగరం, ముక్కు చేత్తో తుడుచుకుంటూ.

మూడు గదులూ అదిరేలా చెప్పాడు. స్పీకరు అక్కర్లేకపోయింది.

"ఇన్నాళ్లూ పిల్లల్ని తిట్టాను కదా బావా" అంది టీచరు. తర్వాత చేతులు చరిచింది. "అందరూ ముందుగదిలోకి! ఇరవైనాలుగుమందీ! ఇరుక్కుని నిలబడండి, ఒక్క స్పీకరే చాలు. ఆదివారం ఎవరూ మిగలరు."

పిల్లలు తోసుకుంటూ పరిగెత్తారు. గోడకి గోడకి మధ్య ముల్లు గుచ్చే సందు లేదు. తీగలాయన కూడా వాళ్లతోబాటు వచ్చి మధ్యలో నిలబడ్డాడు, కళ్లు తుడుచుకోవాలా నవ్వాలా తేలక.

"నాన్నా, జరుగు. నువ్వు నిలబడ్డది నా చోటు" అంది బొంగరం.

జరిగాడు.