తూర్పు వైపు కిటికీ

పక్షుల టవర్ మొదటి మెట్టు కుసుమ కాలి కింద ఫట్టున విరిగింది. చూస్తే ఆ చెక్క దానంతటది పగల్లేదు, అడుగునుంచి సగం మందం దాకా రంపంతో కోసి ఉంది.

ఇనప స్తంభం పట్టుకుని నిలదొక్కుకుంది. వంగి రెండో మెట్టు అడుగున తడిమింది. అదే కోత. మూడోదీ అంతే. నాలుగో మెట్టు నుంచి పైదాకా అన్నీ గట్టిగా ఉన్నాయి.

ఇంకో గంటలో ఏలూరు నుంచి బడిపిల్లల బస్సు వస్తుంది. కొల్లేట్లో గువ్వలంక ఊరి చివర కట్టిన ఈ టవర్‌ని మొదట ఎక్కేది వాళ్లే. దీని ప్లాను గీసింది కుసుమ. తాడేపల్లిగూడెంలో చిన్న ఆఫీసు పెట్టుకున్న ఆమెకి ఇది మొదటి ప్రభుత్వ పని.

కాంట్రాక్టరు ప్రసాదరావు కారు దిగుతూనే విరిగిన మెట్టు చూశాడు.

"సువర్ణా! ఇలా రా. గేటు తాళం నీ దగ్గరేగా ఉండేది?"

గట్టు ఊడుస్తున్న సువర్ణ చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది. భర్త పోయాక ఆమెకి దొరికిన ఆధారం ఈ కాపలా పని, నెలకి తొమ్మిది వేలు. చేరి వారం కాలేదు.

"నా దగ్గరేనండి. నిన్న సాయంత్రం నేనే ఏశానండి, ఇందాక నేనే తీశానండి."

"మరి మెట్లు పీతలు కొరికాయా? సుబ్బరాజు ఎంతిచ్చాడో చెప్పు."

సుబ్బరాజు కొల్లేటి లోపల దొంగగట్లు పోసి చేపలు పెంచుతున్నాడని లంకంతా తెలుసు. టవర్ ఎక్కితే ఆ గట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

"ఆయన మొహం కూడా నేను చూళ్లేదండి. నా పిల్లల మీద ఒట్టండి."

"ఒట్లు స్టేషన్లో వేద్దువుగాని." ప్రసాదరావు ఫోన్ తీశాడు. రెండు ముక్కలు మాట్లాడి జేబులో పెట్టుకున్నాడు. "ఎస్సైగారు దగ్గర్లోనే ఉన్నారు, వస్తున్నారు. జగ్గారావ్! ఈలోగా మూడు మెట్లు వేసెయ్."

ఆ మెట్లు చేసిన వడ్రంగి జగ్గారావు సామాన్ల సంచి భుజాన వేసుకుని కాస్త దూరంగా నిలబడ్డాడు. ఆ ఊరివాడే. తలెత్తలేదు.

"చెక్క లేదండి."

షెడ్డు పక్కన పనికి పోగా మిగిలిన పలకలు కుసుమకి కనబడుతూనే ఉన్నాయి.

"ప్రసాదరావుగారూ, చంపాలనుకున్నవాడైతే పైమెట్లు కోస్తాడండి. వీడు కింద మూడే కోశాడు. పడితే మోకాలు చెక్కుకుంటుంది, అంతే. ఎవరూ ఎక్కకూడదనుకున్నాడు, ఎవరూ చావకూడదనీ అనుకున్నాడు. సుబ్బరాజుకి అంత జాలి ఉందంటారా?"

"మీరు డిటెక్టివ్ పని మాని బొమ్మలు గీసుకోండి మేడం."

"గీసినదాన్ని నేనేగా. పైనుంచి ఏం కనబడకూడదో చూసొస్తాను."

పక్కన ఇనప చట్రం పట్టుకుని నాలుగో మెట్టు అందుకుంది.

టవర్ పైన తూర్పు వైపు వెడల్పాటి కిటికీ. దాని ముందు బిగించిన టెలిస్కోపు. డిజైను మొదలెట్టినప్పుడు పక్షులు ఎటు వాల్తాయని పంచాయతీ అరుగు మీద కూర్చున్న మగవాళ్లని అడిగింది. తూర్పుకేనండి అన్నారంతా. అటే కిటికీ పెట్టింది.

కన్ను ఆనించింది. నీళ్ల మీద సంచిముక్కు గూడబాతులు. కొద్దిగా కిందికి తిప్పింది. తుంగ, తుంగలోకి నడిచి నడిచి పడ్డ కాలిబాట.

తుంగలోంచి ఒక ఆడమనిషి గభాల్న లేచి నిలబడింది. పక్కన ఇంకొకామె. గట్టు పొడుగునా మరో నలుగురు. చీర కిందికి లాక్కుని, మొహాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. చేతుల్లో చెంబులు. వెళ్లిపోతారని కుసుమ ఎదురుచూసింది. వెళ్లలేదు. కదల్లేదు.

కుసుమ కిటికీ కింది చెక్క రెయిలింగు చాటున కూర్చుని పలకల సందులోంచి చూసింది. ఒక్కొక్కరే తుంగలోకి కుంగిపోయారు. మళ్లీ లేచింది. వాళ్లూ మళ్లీ లేచారు.

లంకలో ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది, గోడ మీద నంబరూ ఉంది. కొల్లేరు నిండితే గుంటల్లోంచి నీళ్లు పైకి తంతాయి. అందుకే ఆ దొడ్లలో పొయ్యి పుల్లలు దాచుకుంటారు. సర్వేకి వచ్చినన్నాళ్లూ ఆమెకి కారు ఉండేది, ఏలూరు రోడ్డు మీద హోటలు ఉండేది. పక్షులు ఎటు వెళ్తాయో అడిగింది. ఆడవాళ్లు ఎటు వెళ్తారో అడగాలని తోచనే లేదు.

కిందికి దిగేసరికి గట్టు మలుపులో జీపు కనబడింది.

"సువర్ణగారూ, ఆ తుంగలోకి మీరూ వెళ్తారా?"

సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎక్కడికెళ్లమంటారండి? చీకట్లో ఎల్తే పాములండి. అటు మగోళ్లు రారు. పడవలో ఎవరన్నా పోతా ఉంటే లేచి నిలబడతాం, పోయాక కూర్చుంటాం."

"టవర్ తెరిచాక పైన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా. నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే టవరాపేత్తారండి. నా పనీ పోద్ది."

జీపు ఆగింది. ప్రసాదరావు ఎదురెళ్లి వేలు చూపించాడు. "ఈవిడేనండి. తాళం ఈవిడ దగ్గరే ఉంది."

కానిస్టేబులు సువర్ణ వైపు అడుగేశాడు. జగ్గారావు భుజం మీద సంచి జారి నేల మీద పడింది. అందులోంచి రంపం పిడి బయటికొచ్చింది.

"ఆవిణ్ణొదిలేయండి. నేనే కోశానండి."

"నువ్వా?" అన్నాడు ప్రసాదరావు. "మతుండే మాట్లాడుతున్నావా?"

"ఆయ్, నేనేనండి. గేటు బిగించిందీ నేనే కదండీ. కీలు కాడ ఎత్తితే ఊడొచ్చేత్తది, తాళంతో పన్లేదు. కొత్త మెట్లు మాత్రం ఎయ్యనండి, జీపెక్కించండి. మొన్న పొద్దున్న పైన రెయిలింగు బిగిద్దామని ఎక్కాను. గూడబాతులు ఎలా కనబడతాయో చూద్దామని ఆ గొట్టంలో కన్నెట్టాను. తుంగలోంచి ఓ ఆడమనిషి లేచింది. మా ఇంటిది, రమణండి. ముప్పై ఏళ్ల కాపురం, రోజూ పొద్దున్నే ఎటెల్తన్నావని ఒక్కసారీ అడిగినోణ్ణి కాదు. పైనున్నది నేనని దానికి తెలీదండి. మోకాళ్ల నొప్పులు, అరుగు మీద కూడా కాసేపు నిలబడలేని మనిషండి. నేను మేకులు కొట్టినంతసేపూ, సామాను సర్దుకుని కిందికి దిగేదాకా, ఆ నీళ్లలో అలా నిలబడే ఉందండి."